ఉసిళ్లు లేచిన వారం

మాల్మో, మిలాక్స్ సరస్సు ఒడ్డు
1976 జూన్ 5

మామా,

లాంచీని నీళ్లలోకి దించేశాను. అడుగు గీకాను, రంగేశాను, ఇంజనులో నూనె మార్చాను. తాళం తిప్పగానే దగ్గింది, నల్లటి పొగ కక్కింది, ఆ తర్వాత నీలాగే గొణుక్కుంటూ కదిలింది. ఆ దిగులు ఇక వదిలెయ్.

నీ కాలి మీద లంగరు పడింది మంచు కరిగే రోజుల్లో. ఇప్పుడు చెట్లన్నీ ఆకులేసేశాయి. ఒక్క బొటనవేలికి ఇన్నాళ్లు మంచాన పడుకోబెడతారా? ఆ డలూత్ ఆసుపత్రి వాళ్లకి వేరే రోగులు లేరా ఏంటి?

డెల్మర్ క్రూగ్ నిన్న మన రేవుకి వచ్చాడు. ఆయన రిసార్టులో మూడు లాంచీలున్నా, ఆవుని బేరమాడేవాడిలా మన దాని చుట్టూ తిరిగాడు. పళ్లుంటే నోరు తెరిపించి చూసేవాడే.

"మీ మామ తిరిగొస్తాడా రాడా?" అన్నాడు.

"నాలుగోది ఎందుకండీ? ఉన్న మూడింటికే జనం లేక నాచు పడుతోంది కదా" అన్నాను.

"నోరు బాగానే ఉంది. చేపలు పట్టడం వచ్చా మరి?" అని నవ్వుకుంటూ పోయాడు.

చేపలు పడుతున్నాయిలే. వాలై చేపలు ఇంకా ఒడ్డు పక్కన గులకరాళ్ల మీదే తిరుగుతున్నాయి, గుడ్డివాడికైనా దొరుకుతాయి. నాకే కాలు నిలవడం లేదు. పొద్దున్నే జనాన్ని ఎక్కించడం, సాయంత్రం దించడం, మధ్యలో అవే నీళ్లు, అదే అవతలి ఒడ్డు. ఇన్నేళ్లు నీకు పిచ్చెక్కకుండా ఎలా ఉంది మామా?

నీ మేనల్లుడు,
వెర్లిన్

*

డలూత్
జూన్ 10

ఒరేయ్ అల్లుడూ,

పిచ్చి ఎక్కే ఉంటుంది, నన్నడిగితే ఎలా తెలుస్తుంది? మీ అమ్మ బతికుంటే చెప్పేది.

వేలు మానుతోంది. షుగరున్నవాడి పుండు నత్తలా మానుతుంది. దాని గురించి మళ్లీ అడగకు. పక్క మంచం మీద ఒక రైల్వే ఆయన ఉన్నాడు. కళ్లు తెరిచిన దగ్గర్నుంచి మాట్లాడుతూనే ఉంటాడు. మత్తుమందు నాకిచ్చే బదులు ఆయనకివ్వండమ్మా అని నర్సుని అడిగాను.

క్రూగ్ నీకు చెప్పని మాట ఒకటుంది. లాంచీ అమ్మమని నన్ను అడిగాడు. ఏటా మన లాంచీ ఎక్కే ఎవెలెత్ గనుల వాళ్లు వచ్చి వెళ్లాక చెప్తానన్నాను. ఎందుకో చెప్తా, బుర్ర పెట్టి చదువు.

గనివాళ్లకి సెలవు దొరికేది ఉసిళ్ల వారంలోనే. సరస్సు నడిమి బురదమిట్టల్లో దాక్కున్న పురుగులు పైకి తేలి, చొక్కా విప్పినట్టు తోలు విప్పి, రెక్కలేసుకుని లేస్తాయి. వాలైలన్నీ ఆ విందుకి పోతాయి. కడుపు నిండిన చేప గాలం వైపు చూడదని ఊళ్లో లాంచీలన్నీ చేతులెత్తేస్తాయి. ఆ వారంలో చేప పట్టి చూపించేది మన లాంచీ ఒక్కటే. మనకున్న ఆస్తల్లా ఆ పేరే. గనివాళ్లు వట్టి బకెట్లతో దిగారంటే వచ్చే ఏడు క్రూగ్ రేవుకి పోతారు, వాళ్ల వెనకే మిగతా వాళ్లూ పోతారు. అప్పుడు ఆ లాంచీలో ఏం చెయ్యాలి, కోళ్లని పెంచాలా? నిండు బకెట్లతో దించావంటే క్రూగ్‌కి లేదని చెప్తాను. లాంచీ నీది.

ఉసిళ్లు లేవగానే మిట్టల అంచుకి పో. మొదటి చేప దొరకగానే పొట్ట కోసి చూడు. లోపల పురుగులే ఉంటే చేపలు ఇంకా అడుగునే మేస్తున్నట్టు. రెక్కలుంటే పైకి లేచినట్టు. గాలం లోతు దాన్ని బట్టి మార్చు.

ఆర్విడ్

*

మాల్మో
జూన్ 18

మామా,

లేచాయి.

పొద్దున తలుపు తీస్తే దోమతెర కనపడలేదు. దాని మీద ఉసిళ్లు గొర్రె ఉన్నిలా పట్టేశాయి. రేవు చెక్కల మీద నడుస్తుంటే కాళ్ల కింద కరకరమంటున్నాయి. దుకాణం ముందు మంచు ఎత్తే పారతో ఎత్తి పోస్తున్నారు. కాఫీలో పడుతున్నాయి, కాలర్లో దూరుతున్నాయి. నిన్న మాట్లాడుతూ మాట్లాడుతూ ఒకటి మింగేశాను.

సెయింట్ పాల్ నుంచి మంగలి దుకాణాల వాళ్లు వచ్చారు. నువ్వు చెప్పినట్టే బురదమిట్ట దగ్గరికి తీసుకెళ్లాను. అక్కడ గాలిలో గాలి లేదు, అన్నీ రెక్కలే. "బాబూ, ఇది చేపల వేటా, బైబిల్లో తెగులా?" అన్నాడొకాయన టోపీ దులుపుకుంటూ. ఒకామె గొడుగు తీసింది. మిగతా లాంచీలన్నీ గాలి తగిలే రాతిగుట్టల వైపు పోతున్నాయి. నేనూ తిప్పేశాను. ఆ గుట్ట దగ్గర కాసేపు, ఈ గుట్ట దగ్గర కాసేపు, మళ్లీ ఒడ్డుకి, మళ్లీ నడిమికి. ఇంజను వేడెక్కింది, నేనూ వేడెక్కాను.

చేపలు కాస్త తగ్గాయి. అంతే.

దిగాక హెల్మీ అక్క జలగల బకెట్టు పట్టుకుని రేవులో ఉంది. ఆమె నీకు తెలుసు కదా, మల్లార్డ్ దారిలో ఉండే ఫిన్నిష్ ఆవిడ. మొగుడు పోయాక చెరువుకుంటల్లో జలగలు పట్టి ఎర కోసం లాంచీలకి అమ్ముతోంది. నోరు మూతపడదు.

"ఎక్కడ పట్టావురా అబ్బాయ్?" అంది.

"అన్నిచోట్లా."

"అంటే ఎక్కడా పట్టలేదన్నమాట" అని జలగలు లెక్కపెట్టకుండానే నా డబ్బాలో పోసి పోయింది.

వెర్లిన్

*

డలూత్
జూన్ 22

ఒరేయ్,

కాస్త తగ్గాయా? మన పాస్టరు నిన్న నన్ను చూడ్డానికి వచ్చాడు. ప్రార్థన అయ్యాక నెమ్మదిగా చెప్పాడు, "మీ అల్లుడు తేనెటీగ కుట్టిన గుర్రంలా సరస్సంతా పరిగెత్తుతున్నాడు" అని. దేవుడి మనిషి అబద్ధమాడడు కదా.

నాకు అబద్ధాలు రాయకు. మంచంలో ఉన్నవాడికి అబద్ధం రాస్తే వాడు పొద్దస్తమానం దాన్నే నములుతూ ఉంటాడు.

చర్చి కింద గదిలో ఆదివారం భోజనాలు గుర్తున్నాయా? బంగాళదుంపలు, మాంసం, చీజు పెట్టి కాల్చిన పళ్లేలు రెండేసి ఊడ్చేసి, బెల్టు సడలించుకుని, ఇక ప్రాణం పోతుందని అందరూ మూలుగుతుంటారు. అప్పుడు ఎవరో చాక్లెట్ ముక్కల పళ్లెం పట్టుకుని పక్క నుంచి వెళ్తారు. ఆకలి లేదు. అయినా చెయ్యి దానంతటదే పోతుంది. చిన్న ముక్క, అందేంత దగ్గర్లో, తొందర పెట్టకుండా. కడుపు నిండిన వాలై కూడా అంతే. దాని వెంట పడితే చూడదు.

అంచు మీద ముందొక లంగరు, వెనకొక లంగరు వెయ్. ఇంజను ఆపు. అన్నిటికంటే చిన్న గాలం, దానికో చిన్న జలగ, పైన బెండు. జలగ బురద మీద జానెడు ఎత్తున ఆడాలి. తిన్న చేప గాలాన్ని లాగదు. నోట్లో పెట్టుకుని ఊరుకుంటుంది. బెండు మునగదు, ఒక పక్కకి వాలుతుంది, అంతే. కాళ్లు కదిపేవాడికీ లేచి తిరిగేవాడికీ అది కనపడదు. పైగా చెక్కల మీద బూట్ల చప్పుడు నీళ్లలోకి దిగుతుంది.

అందుకే నా లాంచీలో ఎవరూ లేవకూడదు, ఎవరూ మాట్లాడకూడదు. మధ్యాహ్నం దాకా. లేచినవాడి వైపు నేను ఒక్కసారి చూసేవాణ్ణి. కూర్చునేవాడు.

నువ్వూ అలాగే చూడు.

ఆర్విడ్

*

మాల్మో
జూన్ 25

మామా,

చూశాను. వాళ్లు నన్ను తిరిగి చూశారు.

నువ్వు చెప్పింది తప్పని అనడం లేదు. లంగర్లు వేశాను, ఇంజను ఆపాను. మొదటి చేప దొరికింది, పొట్ట కోస్తే లోపల తడి కాఫీ గుండలా పురుగులు. లోతు సరిపోయింది. ఇంకో రెండు పడ్డాయి. ఆ తర్వాత బెండ్లన్నీ మేకులు కొట్టినట్టు నిలబడ్డాయి. ఒకడు లేచాడు, చూశాను, కూర్చోలేదు. ఇంకొకడు లేచాడు. ఉసిళ్లు మెడ మీద పాకుతున్నాయి. ఎవరూ మాట్లాడకూడదంటే నాకు చీమలపుట్ట మీద కూర్చున్నట్టుంది. చెయ్యి తాళం మీదికి పోయింది. నేనే ఇంజను వేశాను మామా. వాళ్లు కాదు, నేను.

అబద్ధం రాయకు అన్నావు. సరే, రాయను. ఏప్రిల్లోనే అలాస్కాలో పైపులైను పనికి పేరిచ్చాను. పిలుపొచ్చింది. జూలై మొదటి వారంలో ఫెయిర్‌బాంక్స్‌లో ఉండాలి. నువ్వు లేచి వచ్చేస్తావు, నవ్వుతూ చెప్పొచ్చు అనుకున్నాను. నువ్వు రాలేదు. పైగా లాంచీ నీదే అన్నావు. ఆ మాట చదివి సంతోషపడాల్సింది, కానీ ఎవరో గొంతుకి తాడు కట్టినట్టయింది.

బడిలో కూర్చోలేక పారిపోయినవాణ్ణి. పడవలో కూర్చోమంటావు.

ఎవెలెత్ వాళ్లు జూలై రెండున వస్తున్నారు. ఉసిళ్లు ఈ ఏడు వారంతో ఆగలేదు, రోజూ లేస్తూనే ఉన్నాయి. అప్పటిదాకా ఉంటాను. నువ్వెప్పుడొస్తావో ఒక్క మాట రాయి.

వెర్లిన్

*

డలూత్
జూన్ 28

వెర్లిన్,

నేను రాను.

నువ్వు లాంచీని నీళ్లలోకి దించిన వారం రోజుల లోపే డాక్టర్లు నా కాలు మోకాలి కింద తీసేశారు. వేలు నల్లబడింది, తర్వాత పాదం. నిన్ను కంగారు పెట్టడం ఎందుకని రాయలేదు. అబద్ధాల విషయంలో నీకు పాఠం చెప్పే అర్హత నాకు లేదు.

అలాస్కా వెళ్లు. ఎవరి గొంతుకీ తాడు కట్టే మనిషిని కాదు నేను.

ఎవెలెత్ వాళ్లని ఒక్క రోజు చూసుకో. ఆ తర్వాత తాళం క్రూగ్‌కి ఇచ్చెయ్.

ఆర్విడ్

*

మాల్మో
జూలై 3

మామా,

నీ ఉత్తరం మొన్న సాయంత్రం వచ్చింది. రేవు మీద నిలబడే చదివాను. వేలు మానుతోంది, మళ్లీ అడగకు అని రాశావు, నేను నమ్మాను. అప్పటికే నీ కాలు లేదు! ఇంత కోపం నాకు ఎవరి మీదా రాలేదు. వెంటనే బస్సెక్కి డలూత్ వచ్చి నిన్ను తిట్టేవాణ్ణి, కానీ తెల్లారితే గనివాళ్లు.

తెల్లారింది. హెల్మీ అక్క జలగలు తెచ్చింది. నా మొహం చూసి, "ఎవరు పోయారురా?" అంది.

"ఎవరూ పోలేదు. కాలు పోయింది" అని అంతా చెప్పేశాను. కాలు, క్రూగ్, అలాస్కా, తాళం, అన్నీ. జీవితంలో మొదటిసారి ఆమె మధ్యలో మాట్లాడకుండా వింది. విని, బకెట్టు లాంచీలో పెట్టి, వెనకే తనూ ఎక్కింది.

"నువ్వెక్కడికి?"

"జలగలకి ఒంటరిగా భయం" అంది.

గనివాళ్లు వచ్చారు. జుపాన్ ముసలాయన నీ గురించి అడిగాడు, చెప్పాను. టోపీ తీశాడు, చాలాసేపు మళ్లీ పెట్టుకోలేదు. కార్లో మాత్రం, ఎర్రజుట్టు ఆయన, "అయితే ఈ పిల్లగాడా మనకి దిక్కు? క్రూగ్ దగ్గరికి పోదామంటే ఒక్కడూ వినలేదు" అని గొణిగాడు.

అంచు మీద లంగర్లు వేశాను. ఇంజను ఆపాను. మొదటి చేప, పొట్ట, పురుగులు, అంతా నువ్వు చెప్పినట్టే. తర్వాత బెండ్లు నిలబడిపోయాయి. ఉసిళ్లు వాళ్ల మాంసం రొట్టెల మీద వాలుతున్నాయి. కార్లో బూటు చెక్క మీద టకటకమంటోంది. నా చెయ్యి తాళం మీదికి పోయింది.

"చెయ్యి తీయ్" అంది హెల్మీ అక్క. తీశాను.

అప్పుడు ఆమె గనివాళ్ల వైపు తిరిగి, "మా బాబాయిలిద్దరూ సౌనాని రంపంతో రెండుగా కోసుకున్న సంగతి మీకు తెలుసా?" అంది.

"సౌనాని కోసుకోవడం ఏంటమ్మా?" అన్నాడు జుపాన్.

"ఆస్తి పంపకాలు. అన్నీ పంచుకున్నారు. ఆవిరి స్నానాల గది ఒక్కటే మిగిలింది. నాదంటే నాదని ఆరేళ్లు మాటల్లేవు. చివరికి జనవరిలో, రంపానికి ఒక కొస ఈయన, ఇంకో కొస ఆయన పట్టుకుని, పైకప్పు నుంచి నేల దాకా..."

"ఇద్దరూ కలిసే కోశారా?"

"మరి ఆ రంపం ఇద్దరు పట్టుకునేదేగా! ఆరేళ్లలో కలిసి చేసిన పని అదొక్కటే. తీరా కోశాక చూస్తే పొయ్యి పెదబాబాయి వైపు ఉంది, నీళ్ల తొట్టి చినబాబాయి వైపు ఉంది."

కార్లో నవ్వుతూ ఇంకో బీరు కోసం లేచాడు. ఆమె టక్కున ఆపేసింది. జలగల బకెట్లోకి చూస్తూ కూర్చుంది.

"తర్వాత?" అన్నారు.

"ఆయన నిలబడ్డాడుగా. నిలబడ్డవాళ్లకి నేను చెప్పను."

"కూర్చోరా, సచ్చినోడా!" అని అందరూ ఒక్కసారే అరిచారు. కార్లో కూర్చున్నాడు. బీరు లేకుండానే.

మామా, ఇక ఎవరూ లేవలేదు. లేస్తే పక్కవాడే చంపేలా ఉన్నాడు. కాళ్లు కూడా కదపకుండా చెవులప్పగించి, చూపు ఎక్కడ పెట్టాలో తెలీక బెండ్ల మీద పెట్టారు. అందుకని బెండు వాలితే వెంటనే కనిపించింది. నీ రూలు సగమే నిజం మామా. మాటలకి చేపలు పోవు, బూట్లకి పోతాయి. ఒకసారి జుపాన్ బెండు వాలితే, ఆయన దారం అందుకుంటూ, "ఒక్క క్షణం ఆపమ్మా, ఇది తీసి పెడతాను" అని బతిమాలుకున్నాడు. మధ్యాహ్నానికి బకెట్లలో తోకలు బయటికొచ్చాయి.

బాబాయిల సంగతి చివరికేమైందో నాకు తెలీదు. లంగరు తాడు చూసే వంకతో నేను ముందుకి పోయాను. ఆ లాంచీలో కూర్చోలేకపోయింది నేనొక్కణ్ణే. కదలకుండా కూర్చోవడం నా తత్వం కాదని అప్పుడు అర్థమై, నా మీద నాకు కోపం పోయింది.

దిగేటప్పుడు జుపాన్ నా భుజం మీద చెయ్యి వేసి, "వచ్చే ఏడూ ఇదే వారం. ఆవిడ ఉంటేనే కానీ" అన్నాడు.

సాయంత్రం క్రూగ్ వచ్చి తాళం కోసం చెయ్యి చాపాడు. ఇవ్వలేదు. మా మామ నుంచి ఇంకో మాట రావాలి అన్నాను. తాళం హెల్మీ అక్క దగ్గరుంది. నడుపుతావా అని అడిగితే, "అడగడానికి ఇంత సేపు పట్టిందా?" అంది. మొగుడున్నప్పుడు ఇద్దరూ వెర్మిలియన్ సరస్సు మీద టపా పడవ నడిపారట, లైసెన్సు ఇంకా ఉంది. క్రూగ్‌కి అమ్మకు. ఆమెకివ్వు. నేను ఉండాలని నీ ఆశ, నేను ఉండలేను. ఉండగలిగే మనిషిని చూపించడం మాత్రం నా చేతనైంది.

రేపు మధ్యాహ్నం బస్సు. డలూత్‌లో దిగుతాను. తిట్లు తయారుగా ఉన్నాయి.

వెర్లిన్

*

ఫెయిర్‌బాంక్స్, అలాస్కా
జూలై 19

మామా,

ఆసుపత్రిలో నిన్ను చూసి తిట్లన్నీ మర్చిపోయాను. ఇద్దరం ఆ రైల్వే ఆయన మాటలు వింటూ కూర్చున్నాం. లాంచీ సంగతి అడిగితే కిటికీ వైపు తిరిగావు. నా బస్సు టైమైపోయింది.

ఇక్కడ చీకటి పడదు. పడుకుందామంటే వెలుగు, లేద్దామంటే అదే వెలుగు. పొద్దస్తమానం పైపుల కింద దుంగలు దొర్లిస్తున్నాం. పని నచ్చింది. రోజుకో కొత్త చోట తేలుతున్నాం. కానీ టపా బండి వచ్చినప్పుడల్లా పరిగెత్తి అందరికంటే ముందు నిలబడుతున్నాను. వంటవాడు వెక్కిరిస్తున్నాడు, "ఎవరా పిల్ల?" అని. "మా మామ" అంటే నమ్మడం లేదు.

క్రూగ్‌కి ఏం చెప్పావు? ఒక్క ముక్క రాయి. అమ్మేసినా సరే, రాయి. తెలీకపోతేనే నిద్ర రావడం లేదు.

వెర్లిన్

*

మాల్మో
ఆగస్టు 1

అల్లుడూ,

ఇంట్లోంచి రాస్తున్నాను. హెల్మీ తన ట్రక్కులో నన్ను డలూత్ నుంచి తీసుకొచ్చింది. దారి పొడుగునా మాట్లాడింది. సగం దారిలో చెప్పాను, "నా లాంచీలో నోరు మూసుకుని ఉండాలి" అని. "అలాగే, నువ్వు లాంచీలో మూసుకుని ఉండు, నేను నడుపుతూ మాట్లాడతా" అంది. ఫిన్నులతో వాదన పెట్టుకోకూడదని మా నాన్న చెప్పేవాడు.

ఆ సాయంత్రమే క్రూగ్ వచ్చాడు. నా కాలు ఉండాల్సిన చోటు చూసి, జాలిగా గొంతు సవరించుకున్నాడు. లేదని చెప్పేశాను. లాంచీ హెల్మీది. ఊరికే ఇవ్వలేదు, చలికాలమంతా నా పొయ్యికి కట్టెలు చీల్చే బాధ్యత కూడా రాయించుకున్నాను.

ఆసుపత్రిలో కిటికీ వైపు ఎందుకు తిరిగానో అడిగావా? అడగలేదులే. నీ మొహం చూస్తూ "సరే వెళ్లు" అనడం నాకు చేతకాలేదు.

నిన్న వంటింటి కుర్చీని రెయిలింగుకి కట్టి నన్ను లాంచీలో కూర్చోబెట్టారు. ఎక్కిన జనం బ్రెయినెర్డ్ నుంచి వచ్చిన బడి టీచర్లు. గాలి లేదు, నీళ్లు నూనెలా ఉన్నాయి, చేప మందకొడిగా ఉంది. జనం అటూ ఇటూ కదలడం మొదలుపెట్టారు. చూశాను, నా పాత చూపే. ఒకతను ఆ చూపుకి ఆగక, "ఏమనుకోకండి, మీ కాలికి ఏమైంది?" అని అడిగేశాడు.

హెల్మీ నా వంతు తను చెప్పేస్తుందనుకున్నాను. ఆవిడ దారానికి ముడి వేసుకుంటూ కూర్చుంది. అందరూ నా వైపే చూస్తున్నారు.

లంగరు దగ్గర మొదలుపెట్టాను. వేలు నల్లబడటం, డాక్టరు దుప్పటి కప్పేసి మాట్లాడటం, మెలకువ వచ్చాక చెయ్యి కిందికి పోనిచ్చి పాదం కోసం వెతుక్కోవడం. లేదు. దురద మాత్రం ఉంది. ఆ మధ్యాహ్నమే దిండు మీద కాగితం పెట్టుకుని, వేలు మానుతోందని నీకు రాయడం. పక్క మంచం ఆయన అది చూసి ఆ ఒక్క రోజు నోరు మెదపకపోవడం. ఇవన్నీ నేను ఎవరికీ చెప్పలేదురా. నీకు కూడా ఇప్పుడే చెప్తున్నాను.

ఎండ నడినెత్తికి వచ్చేదాకా ఒక్కరూ లేవలేదు. బెండ్లు వాలాయి, కొందరు తీశారు, కొందరు తియ్యడం మర్చిపోయారు. దిగేటప్పుడు అందరూ వరసగా వచ్చి చెయ్యి కలిపి పోయారు.

ఇవాళ నాకు గొంతు రావడం లేదు. హెల్మీ తేనె వేసిన వేడినీళ్లు ఇస్తోంది. అంతసేపు మాట్లాడ్డం అలవాటు లేదు.

ఆర్విడ్ మామ